తామర కాడ పొడవు: కొండకర్ల ఆవలో నాలుగు రోజులు

మొదటి రోజు, ఆదివారం

మార్గశిరం వచ్చిందంటే మా ఇంట్లో గురువారానికి తామరపువ్వు ఉండి తీరాలి. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి పైన కప్పు లేదు, పువ్వుకీ అమ్మవారికీ మధ్య ఇంకొకరి చెయ్యి లేదు. ఎవరి పూజ వాళ్ళే చేసుకుని రావాలి. అందుకే కాబోలు, మా అమ్మ పువ్వు ఎంచడంలో అంత పట్టుదలగా ఉంటుంది. రేకు మీద మచ్చ ఉండకూడదు, మొగ్గ బిగువుగా ఉండాలి, కాడ జానెడైనా ఉండాలి. మొన్న గురువారం ముందు పూర్ణామార్కెట్లో పువ్వులమ్మే ఆవిడ కట్ట విప్పుతూ, "కొండకర్ల ఆవలోవి తల్లీ, తెల్లారి కోసినవి" అంది.

పుట్టి పెరిగింది విశాఖలోనే. మా ఇంటి కుళాయిలో వచ్చేది మేహాద్రిగెడ్డ నీరో రైవాడ నీరో ఏనాడూ అడగలేదు. కొండకర్లకి బడి పిల్లలతో కలిసి ఒక్కసారి వెళ్ళాను, పక్షుల్ని చూశాను, పులిహోర తిన్నాను, వచ్చేశాను. అక్కడ బతికేవాళ్ళు ఆ నీటిని ఏం చేస్తున్నారు, ఆ నీరు వాళ్ళని ఏం చేస్తోంది అన్నది తెలుసుకోవాలనిపించి, బుధవారం వరకు సెలవు పెట్టాను. నాతో పనిచేసే అమ్మాయి పిన్ని వాళ్ళది ఆవ ఒడ్డు ఊరే. ఉండడానికి చోటు కుదిరింది.

ఆర్టీసీ కాంప్లెక్సులో అచ్యుతాపురం బస్సెక్కాను. గాజువాక, కూర్మన్నపాలెం, లంకెలపాలెం దాటి పరవాడ వైపు తిరిగాక ఫ్యాక్టరీల గోడలు, కంపెనీ బస్సులు, షిఫ్టు దిగి నడిచివస్తున్న కుర్రాళ్ళు. అచ్యుతాపురంలో దిగి ఆటో పట్టుకుంటే కాసేపటికే చెరుకుతోటలు, తాటిచెట్లు, వాటి వెనక కొండలు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడదీశాక ఇది అనకాపల్లి జిల్లా అయింది గానీ, ఇక్కడి చేపా పువ్వూ మాత్రం ఇప్పటికీ విశాఖ బజారుకే వస్తాయి.

ఆవ అంటే మా వైపు పల్లపు నేల, నీరు నిలిచే చోటు. గోదావరి జిల్లాల్లోనూ ఆవ భూములు అంటారు. శారదా నది వరద, కొండల మీంచి జారిన వాన ఇక్కడికి చేరి నిలుస్తాయి. మన రాష్ట్రంలో మంచినీటి సరస్సుల లెక్క తీస్తే కొల్లేరు తర్వాత చెప్పుకునేది దీన్నే. సాయంత్రం గట్టు మీద నిలబడితే సగం మేర నీరే కనబడలేదు, అంతా ఆకుపచ్చ. మొదట పచ్చికబయలు అనుకున్నాను. దాని మధ్యలోంచి ఒక మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే జారిపోతుంటే తెలిసింది, అది నీరని, అతను దోనె మీద ఉన్నాడని.

రెండో రోజు, సోమవారం

తెల్లవారుజామున నాలుగున్నరకే పిన్ని టీ ఇచ్చింది. ఆవిడ భర్తని బాబాయ్ అని పిలిచాను. అరవై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు. మంచు ఇంకా విడలేదు. దోనె దగ్గరికి వెళ్ళగానే ఆయన ముందు చేసిన పని, టార్చి వేసి దాని కొసని బొటనవేలితో నొక్కి చూడడం.

దోనె గురించి కాస్త చెప్పాలి. రెండు తాటిబొదెలు. తాటిచెట్టుకి బయట చేవ ఇనుములా ఉంటుంది, లోపలంతా మెత్తటి పీచు. ఆ పీచు తవ్వేస్తే తొట్టిలా అవుతుంది. చెట్టు మొదలు దగ్గర ఉబ్బెత్తుగా ఉండే భాగం ఒక కొస. రెండో కొస కోసిన చోటు, అది తెరుచుకునే ఉంటుంది. దాన్ని బంకమట్టితో పూడుస్తారు. రెండు బొదెల్ని పక్కపక్కన పెట్టి అడ్డకర్రలతో కట్టేస్తే మనుషులు కూచోవడానికి దోనె తయారు. ఆ మట్టి ఎండి బీటలు వారితే నీళ్ళు వస్తాయి, అందుకే రోజూ ఆ బొటనవేలి పరీక్ష. డీజిలు లేదు, చప్పుడు లేదు, నీటి మీద నూనె తెర లేదు. గెడకర్ర ఒక్కటి. గెడ అడుగుకి దిగిన ప్రతిసారీ బుడగలు పైకొచ్చాయి, కుళ్ళిన ఆకు వాసనతో.

బాబాయ్ నడిపిన దారి రెండు దోనెలు ఒరుసుకుంటూ పోయేంత వెడల్పు. రెండు పక్కలా గుర్రపుడెక్క మోకాలెత్తున లేచి ఉంది. "ఈ దారి ఎవరు చేశారు బాబాయ్?" అంటే, "దారి ఎవలు సేత్తారమ్మా, తిరిగితే ఉంటాది. పది దినాలు మానీసి రా, ఎక్కడున్నాదో ఎతుక్కోవాల" అన్నాడు.

గుర్రపుడెక్క మన మొక్క కాదు. దక్షిణ అమెరికాది. పూత అందంగా ఉందని పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెంగాల్‌కి తెచ్చారంటారు, అక్కణ్ణించి దేశమంతా పాకింది. అనువైన నీరు దొరికితే రెండు వారాల్లో రెట్టింపవుతుంది. తల్లిమొక్కకి పక్కనే తీగ తన్ని పిల్లమొక్క, దానికి ఇంకో పిల్ల. బాబాయ్ ఒక దుబ్బు లాగి చూపించాడు. నల్లటి వేళ్ళు జటలా వేలాడుతున్నాయి, వాటిలో రొయ్యపిల్లలు, నత్తలు, ఒక జలగ. ఆ దుబ్బుల కింద వెలుతురు పడదు, నీటిలో గాలి తగ్గిపోతుంది.

ఆ సంగతి నాకు అర్థమైంది వల తీశాక. రాత్రి కట్టిన వలని ఆయన మూర మూర చొప్పున పైకి లాగుతూ చేపల్ని బుట్టలో వేశాడు. కొర్రమీనులు మూడు, గొరకలు చాలా, ఇంగిలాయిలు నాలుగు (వాటి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి రోజంతా మంట, ఆయన గుడ్డ అడ్డం పెట్టి తీశాడు), రెండు మార్పులు. రాగండి ఒక్కటీ లేదు, బొచ్చె లేదు. పరిగెలు గుప్పెడు. నేను పేర్లు రాసుకుంటుంటే ఆయన బుట్టలోకి వేలు చూపించి, "ఇయ్యన్నీ పైకొచ్చి గాలి పీల్చుకునీ సేపలే. నీట్లో ఉక్కగా ఉంటే మిగిలీవి ఇయ్యే" అన్నాడు.

ఆ మాట దగ్గర కాసేపు ఆగిపోయాను. కొర్రమీను, గొరక, ఇంగిలాయి, మార్పు నాలుగూ మొప్పలతో పాటు బయటి గాలిని కూడా వాడుకోగల చేపలు. నీటిలో ప్రాణవాయువు తగ్గినా తట్టుకుంటాయి. రాగండి, బొచ్చె తట్టుకోలేవు, వాటికి తెరిపి నీరు కావాలి. ఏ పరికరమూ లేకుండా ఆవ ఒంట్లో ఎలా ఉందో ఆ బుట్ట చెబుతోంది. మత్స్యకారుల సంఘం తరఫున రాగండి పిల్లల్ని వదిలినప్పుడు అవి తెరిపి ఉన్న పడమటి వైపే దొరుకుతాయట, డెక్క కమ్మిన వైపు కనబడవట.

తిరిగి వస్తుంటే జమ్ము మొదట్లో ఏదో కొట్టుకుంటోంది. నీటికోడి. తంగూసు (నైలాన్) వల ముక్క దాని కాలికీ రెక్కకీ చుట్టుకుంది. కాలు వాచి ఉంది. బాబాయ్ దోనె ఆపి, మోకాళ్ళ మీద వంగి, చాకు మొనతో ఒక్కొక్క పోగూ తెంపాడు. పది నిమిషాలు పట్టింది. వదిలితే అది ఎగరలేదు, ఈదుకుంటూ జమ్ములోకి పోయింది. ఆ వల ముక్కని చుట్టి లుంగీ మడతలో పెట్టుకున్నాడు. చాలాసేపటికి, "ఇది నా వలే అయ్యుంటాది. పోయినేడు గాలివానకి రెండు పోనాయి" అన్నాడు.

ఆయన చిన్నప్పుడు నూలు వలలు. తుమ్మచెక్క కషాయంలో ముంచి ఎండబెట్టేవారట, అయినా నాలుగు కాలాలు తిరిగేసరికి కుళ్ళిపోయేవి. నీటిలో పోతే నీటిలోనే కలిసిపోయేవి. తంగూసు కుళ్ళదు. పోయిన వల ఎవరికీ అన్నం పెట్టకుండా ఏళ్ళ తరబడి వేటాడుతూనే ఉంటుంది. దోమతెరంత సన్నకన్ను వలలు కూడా కొందరు వేస్తున్నారని, వాటిలో వేలెడు పిల్ల కూడా మిగలదని పిన్ని చెప్పింది. బాబాయ్ మాత్రం ఎవరి పేరూ ఎత్తలేదు. తను కూడా ఒక ఏడు వేశానని, కూతురి పెళ్ళి ఏడు అని, అంతే అన్నాడు. ఆ నిజాయితీకి నాకు గొంతు పట్టేసింది.

మూడో రోజు, మంగళవారం

ఈ రోజు పిన్నితో వెళ్ళాను, తామరపువ్వులకి. ఆడవాళ్ళ దోనెలు నాలుగు. ఎండ ఎక్కకముందే, మొగ్గ విడకముందే కోయాలి. తామరాకుల మీద పొడుగువేళ్ళ పక్షి ఒకటి నీళ్ళలో కాలు పడకుండా నడుచుకుంటూ పోయింది. వానల్లో అది ఆ తేలే ఆకుల మీదే గుడ్లు పెడుతుంది, మగపక్షే పొదుగుతుంది. ఆ రోజుల్లో అలాంటి ఆకుల జోలికి పోమని పిన్ని చెప్పింది. దూరంగా నత్తగుల్ల కొంగలు వరసగా తల దించుకుని నత్తల కోసం వెతుక్కుంటున్నాయి.

పిన్ని చెయ్యి మోచేతి దాకా ముంచి కాడని తుంచుతోంది. ఒకదాన్ని మాత్రం నా కోసం అడుగునుంచి మొత్తం లాగింది. దాని తెగిన కొస నాకు చూపించింది, లోపల గుండ్రటి రంధ్రాలు పూవులా అమరి ఉన్నాయి. కొసని నీళ్ళలో ముంచి రెండో వైపు నుంచి ఊదమంది. ఊదాను. నీళ్ళలో బుడబుడమని గాలి. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టాల వెంట బురదలో ఉన్న దుంపకి చేరుతుంది. బురదలో ఊపిరాడని చోట తామర బతికేది దాని వల్లే.

తర్వాత ఆ కాడని నా పక్కన నిలబెట్టింది. నా భుజం దాకా వచ్చింది. "మా అత్త నన్ను మొదటిసారి తెచ్చినప్పుడు కాడ తల మీంచి పోయీదమ్మా. నీరు ఎంత లోతుంటే కాడ అంత సాగుతాది. ఇప్పుడు చూడు" అంది. ఇదే గట్టు, ఇదే నెల, ఇదే చోటు అని కూడా చెప్పింది. పాతికేళ్ళ లెక్క ఒక కాడలో ఉంది.

లోతు ఎందుకు తగ్గింది అంటే ఒక్క కారణం కాదు. కొండవాలు మట్టి వానకి కొట్టుకొస్తుంది. చెరుక్కీ వరికీ వేసిన యూరియా, డీఏపీ కాలవల వెంట దిగుతుంది. ఆ బలం తిని డెక్క పెరుగుతుంది, చస్తుంది, అడుక్కి చేరి బురదవుతుంది. దాని మీద మళ్ళీ డెక్క. ఒడ్డు నేల తేలిన చోట ఎవరో ఒకరు మడి కడతారు. నీరు తొందరగా దిగిపోతే మడి కట్టుకునే రైతుకి మేలు, నీరు నిలిస్తే వేట చేసే మనిషికి మేలు. రెండూ ఒకే ఊరి ఇళ్ళే, చాలాచోట్ల ఒకే ఇంట్లో అన్నదమ్ములే. పిన్ని వాళ్ళ మరిదికే అర ఎకరం మడి ఉంది. తగువు ఊళ్ళోనే తేలాలి, బయటివాళ్ళు వచ్చి తీర్చేది కాదు.

పదింటికి గట్టు దగ్గర తొమ్మిది మంది మగవాళ్ళు డెక్క కోస్తున్నారు. ఆరోజు వేటకి పోలేదు, కూలి ఎవరూ ఇవ్వరు. నడుము లోతు నీళ్ళలో దిగి, పొడుగాటి కొడవళ్ళతో దుబ్బుల చాపని చదరాలుగా కోసి, తాళ్ళు కట్టి ఒడ్డుకి లాగుతున్నారు. ఒక్కో చదరం తడి మంచమంత బరువు. కోసిన చోట నల్లటి నీరు కనబడగానే పది నిమిషాల్లో లకుముకి పిట్ట వచ్చి గెడ మీద వాలింది. నేను అక్కడ రెండు గంటలు నిలబడ్డాను. ఈ ప్రయాణంలో నేను చూసిన వాటిలో నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది అదే.

ఎందుకంటే మనం మామూలుగా ఒకటే వైపు ఆలోచిస్తాం: మనుషులు వేట చేస్తారు, చెరువు పాడవుతుంది, మనుషుల్ని దూరం పెడితే బాగుపడుతుంది. ఇక్కడ దోనె తిరిగే దారిలోనే ఆవకి ఊపిరి ఉంది. బతుకుతెరువు కోసం దారి తెరుస్తారు, ఆ దారిలో వెలుతురు పడుతుంది, వెలుతురు పడ్డ చోట చేపలు మెసులుతాయి, పక్షులు దిగుతాయి. ఆ తొమ్మిది మందిలో నలభై లోపు వయసువాళ్ళు ఇద్దరే. కుర్రాళ్ళు అచ్యుతాపురం, పరవాడ వైపు షిఫ్టులకి పోతున్నారు. నెల జీతం వస్తుంది, పిల్లల చదువు నడుస్తుంది, వాళ్ళని ఎవరు తప్పుపట్టగలరు? కానీ ఒక ఇల్లు వేట మానిన ప్రతిసారీ ఒక దారి మూసుకుంటుంది. సన్నకన్ను వల ఆవని ఎంత దెబ్బ తీస్తుందో, ఖాళీ అయిన దోనె కూడా అంతే దెబ్బ తీస్తుందని ఇక్కడికి రాకపోతే నాకు తెలిసేది కాదు.

కోసిన డెక్కని నీటి అంచునే వదిలేస్తే లాభం లేదు. కుళ్ళిన రసం మళ్ళీ అందులోకే జారుతుంది, మొదటి వానకి సగం మొక్కలు తిరిగి తేలతాయి. అందుకే ఒక చెరుకు రైతు ట్రాక్టరు తెచ్చాడు. తోటలో సాళ్ళ మధ్య పరుస్తాడట, ఎండలో తడి నిలుస్తుంది, తర్వాత ఎరువవుతుంది. తొట్టి నింపుతూ ఆయన, "మేం వేసిన యూరియాయే కదమ్మా ఇది, మా చేలోకే మళ్ళీ తోలుకుపోతన్నాను" అన్నాడు. ఒక్క ట్రాక్టరే. గట్టు పొడుగునా ఇంకా పది ట్రాక్టర్ల డెక్క కుప్పలుగా ఉంది.

రాత్రి భోజనాల దగ్గర కొల్లేరు మాట వచ్చింది. నేను కొల్లేరు ఒడ్డున ఆటపాకలో గూడబాతుల్ని చూడడానికి వెళ్ళినప్పుడు దారి పొడుగునా గట్లు చూశాను. అక్కడ కూడా మొదట ఇలాగే మావులు (చేపలు పట్టే బోనులు) పెట్టి, వలలు వేసి పట్టుకున్నవాళ్ళే. తర్వాత చేపని పట్టడం పోయి చేపని పెంచడం వచ్చింది. పెంపకానికి గట్టు కావాలి, మేత కావాలి, కోళ్ళ ఎరువు కావాలి. పెట్టుబడి ఉన్నవాడిది పైచెయ్యి అయింది, సరస్సు ముక్కలైంది. 1999లో ఐదో కాంటూరు (సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు) వరకు 308 చదరపు కిలోమీటర్లని అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయ చిత్తడినేలల రామ్‌సర్ జాబితాలో చేరింది, 2006లో సుప్రీంకోర్టు కమిటీ సిఫారసు మీద గట్లు కొట్టేశారు. ఆ గట్లతో పాటు లంక గ్రామాల్లో చిన్నవాళ్ళ బతుకులూ కదిలిపోయాయి. బాబాయ్ అంతా విని, "పట్టుకునీవోడికి నీరు బాగుండాల. పెంచుకునీవోడికి తన మడుగు బాగుంటే సాలు" అన్నాడు. నేను ఇంకేం కలపలేదు.

పడుకోబోయే ముందు కొర్రమీను సంగతి చెప్పాడు. వానల్లో దాని పిల్లలు ఎర్రగా, వందల్లో, బంతిలా ఒకచోట తిరుగుతాయి. నీటిపైన ఆ ఎరుపు కనబడితే కింద తల్లీతండ్రీ కాపలా ఉన్నట్టే. గాలం అక్కడ వేస్తే పెద్దచేప తప్పక పడుతుంది, కోపంతో వచ్చి కరుస్తుంది. కానీ అది పడిందంటే ఆ పిల్లల్ని మిగతా చేపలు సాయంత్రానికి తినేస్తాయి. "మా నాన్న సూపించి, ఎయ్యొద్దన్నాడు. నేనెప్పుడూ ఎయ్యలేదమ్మా" అన్నాడు. సన్నకన్ను వల వేసిన ఏడు కూడా.

నాలుగో రోజు, బుధవారం

పొద్దున్నే బయల్దేరాలి. పిన్ని పదకొండు మొగ్గలు తామరాకులో చుట్టి అరటినారతో కట్టింది. డబ్బు తీసుకోనంది, బలవంతాన చేతిలో పెట్టాను. నిన్న లాగిన పొడుగు కాడని కూడా అడిగి తీసుకున్నాను, చుట్టలా చుట్టి తడిగుడ్డలో పెట్టి ఇచ్చింది. బాబాయ్ ఒడ్డున దోనె బోర్లించి కొసకి కొత్త మట్టి అద్దుతున్నాడు. వానల్లో రమ్మన్నాడు, ఎర్రబంతి చూపిస్తానన్నాడు.

మధ్యాహ్నానికి విశాఖ చేరాను. అమ్మ మొగ్గలన్నీ తిప్పి చూసి తృప్తిపడింది. తామరాకు పారెయ్యకుండా రాత్రి అన్నం దాంట్లోనే వడ్డించింది.

మా వంటింటి గుమ్మానికి పక్కన గోడ మీద మా పిల్లల ఎత్తులు పెన్సిల్‌తో గీసి ఉన్నాయి, పక్కన ఏడాదితో సహా. కాడని చుట్ట విప్పి, తడి తుడిచి, ఆ గోడకే నిలువుగా ఆనించి పట్టుకున్నాను. చిన్నవాడి పదమూడో ఏటి గీతకి రెండు వేళ్ళు కింద ఆగింది. అక్కడ గీత గీసి, కొండకర్ల, మార్గశిరం అని రాశాను. వచ్చే ఏడు అదే చోటు నుంచి ఇంకొక కాడ లాగి ఉంచమని పిన్నికి ఫోను చేసి చెప్పాను. "పొట్టిదైనా తెచ్చుకుంటావేటి?" అంది. ఎంతుంటే అంత, మొత్తం లాగమన్నాను.